సకినాల డబ్బా

సత్తవ్వ పొద్దున్నే తానం చేసి, ఇస్త్రీ చీర కట్టుకుని, సంచీ పక్కన పెట్టుకుని గడప మీద కూర్చుంది. చెన్నూరు బస్సుకు ఇంకా చాలా పొద్దుంది. కానీ అలిగిన మనిషికి బస్సు టైముతో పనేముంది? ఇంట్లోకి వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ ఆమెను దాటుకునే నడవాలి, ఆ సంచీని చూసే నడవాలి. బొగ్గుగనిలో పనిచేసే కొడుకు విజయేందర్ పాల ప్యాకెట్టుకని ఒకసారి, కుర్చీలకని ఒకసారి తల వంచుకుని దాటాడు.

కోడలితో ఆమె మాటలు బందయి వారం దాటింది. అట్లాగని సత్తవ్వ నోరు కట్టేసుకుందని ఎవరూ అనుకోవద్దు. కోడలికి చెప్పాల్సినవన్నీ గోడకు చెబుతుంది, పొయ్యికి చెబుతుంది, పెరట్లోకి వచ్చే పిల్లికి చెబుతుంది. ఈరోజు చీపురు వంతు వచ్చింది.

"ఓ చీపురూ, ఇయ్యాల మా ఇంటికి కథలోళ్లు వస్తరట. మంచిగ ఊడ్వు. లేకుంటే గా దుమ్ము గూడ కథలకెక్కుతది."

చీపురు స్వరూప చేతిలోనే ఉంది కనుక మాట చేరాల్సిన చోటికే చేరింది. ఆమె నవ్వాపుకుని మూలలు ఇంకాస్త గట్టిగా ఊడ్చింది. అత్త మీద కోపం రాకపోవడమే ఈ వారమంతా స్వరూపను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. కోపం వస్తే రెండు మాటలు అనేసి ఊరుకోవచ్చు. ఇక్కడ అత్తదీ తప్పు కాదు, తనదీ తప్పు కాదు. తప్పు చేసినవాడు కుర్చీలు మోస్తున్నాడు.

కథలోళ్లు అంటే నస్పూర్ కాలనీలో పదిహేను రోజులకోసారి, ఆదివారం మధ్యాహ్నం, ఒక్కొక్కరి ఇంట్లో కూడే రాసేవాళ్లు. తమకు తాము పెట్టుకున్న పేరు పెద్దదే గానీ కాలనీ దాన్ని ఎప్పుడో మరిచిపోయింది. కాలనీ గేటు దగ్గర జిరాక్స్ షాపు నడిపే సదానందం దానికి పెద్ద. రూల్సు పెట్టినవాడు ఆయనే, వాటిని పట్టుకుని వేలాడేవాడూ ఆయనే.

రాసింది ఎవరైనా సరే, పేరు లేకుండా తెచ్చి స్టీలు డబ్బాలో వెయ్యాలి. రాసినవాళ్లు చదవకూడదు, ఇంకొకరు చదవాలి. చదవడం పూర్తయ్యాక చాయ్ తాగాలి. చాయ్ తాగాకే రాసినవాళ్లు లేచి నిలబడాలి. ముందే పేరు తెలిస్తే కథను వదిలేసి మనిషిని తూకం వేస్తారని సదానందం వాదన. మాట నిజమే. కానీ పేరు తెలియకపోతే జనం ఊరుకుంటారా? వాళ్లే ఒక పేరు పెట్టుకుంటారు. పోయిన కూడికలో జరిగింది అదే.

ఆరోజు అంగన్‌వాడీ టీచర్ మమతారాణి ఇంట్లో కూడారు. డబ్బాలోంచి ఒక కథ వచ్చింది. అందులో ఒక తల్లి ఉంది. కొడుకు బొగ్గుబాయి దిగితే తన నోట్లోకి ముద్ద దిగదని వాడకట్టంతా చెప్పుకుంటుంది. కొడుకు సైకిలు మలుపు తిరగ్గానే బియ్యం బస్తా వెనక దాచిన డబ్బా తీసి సకినాలు కరకరా నములుతుంది. మమతారాణి అక్కడి దాకా చదివేసరికి అందరూ పగలబడి నవ్వారు. నవ్వు ఆగాక ఒకావిడ తన అత్త బెల్లం దాచుకునే సంగతి చెప్పింది. ఇంకొకాయన తన తల్లి జంతికల ముచ్చట ఎత్తుకున్నాడు. ముచ్చట్లలో పొద్దుగూకింది, కథ సగంలోనే ఉండిపోయింది.

సగం చదివిన కథకు పేరు చెప్పకూడదు. మిగతాది వచ్చే కూడికలో మొట్టమొదట చదవాలి. అదీ రూలే.

ఆ సగం కథ మాత్రం ఊరుకోలేదు. వినడానికి వచ్చిన పక్కింటి ఐలవ్వ దాన్ని కొంగున కట్టుకుని కాలనీ అంతా తిప్పింది. బియ్యం బస్తా వెనక డబ్బా ఎవరింట్లో ఉందో ఐలవ్వకు తెలుసు. ఆ ఇంట్లో రాసేది ఎవరో కాలనీ మొత్తానికి తెలుసు. ఐదారు రోజులు తిరిగేసరికి కూరగాయలామె కూడా తట్ట దించి, "సకినాలు ఒడిసినయా సత్తవ్వా?" అని అడిగింది.

అంతే, కోడలితో మాటలు బందయ్యాయి. నిన్న సాయంత్రం సత్తవ్వ పొయ్యిని సాక్షిగా పెట్టి తీర్పు చెప్పేసింది.

"గీ ఇంట్ల కథలన్న ఉండాలె, నేనన్న ఉండాలె. కథలే ముద్దనుకుంటే నేను చెన్నూరుల నా బిడ్డ జమున ఇంటికి పోత. దానికి రాసుడు రాదు."

ఆ మాట స్వరూపకు గుచ్చుకుంది. డిగ్రీ చేసి పెళ్లయి వచ్చింది. పిల్లలు హాస్టల్‌కు పోయాక ఈ రెండేళ్ల నుంచే రాయడం మొదలుపెట్టింది. ఈ ఇంట్లో తనదంటూ ఉన్నది అదొక్కటే. ఇప్పుడు దాన్ని నిలుపుకోవాలంటే ఒక నిజం చెప్పాలి. ఆ నిజం ఆమెది కాదు.

పెరట్లో మొగుడు ఒంటరిగా దొరికాడు. కుర్చీలు తుడిచిందే మళ్లీ తుడుస్తున్నాడు.

"ఇయ్యాలన్న చెప్తవా?" అంది స్వరూప.

"పొద్దుగూకినంక చెప్త."

"నిన్న గూడ గట్లనే అన్నవు."

విజయేందర్ గుడ్డ పిండి మళ్లీ తుడవడం మొదలుపెట్టాడు. ఆ కథ రాసింది అతను. ఎన్నడూ కాగితం ముట్టని మనిషి, ఒకరోజు నాలుగు మడతలు పెట్టిన కాగితాలు తెచ్చి స్వరూప చేతిలో పెట్టి, నీ కథతో పాటు ఇది కూడా డబ్బాలో వెయ్యి, ఎవరిదని అడిగితే తెలియదను అన్నాడు. స్వరూప చదివి కళ్లు తుడుచుకుని వేసింది. సగంలో ఆగిపోతుందని ఇద్దరూ అనుకోలేదు.

"బాయిల పైకప్పు పెచ్చులూడినా బెదరను గని," అన్నాడు చివరికి, "అవ్వ మొఖం ముందల నిలబడి నేనే రాసిన అనాల్నంటే నాకు కాళ్లు ఆడుతలేవు."

"నేను చెప్తే అత్తకు మొగని మీద చాడీ చెప్పినట్టయితది. నేను చెప్పను." స్వరూప గొంతు తగ్గించింది. "కని ఒక్కటి విను. అత్తమ్మ సంచి పట్టుకొని గీ గడప దిగితే, నేను రాసుడు బంజేస్త. నీ మీద అలిగి కాదు. ఆమెను ఎల్లగొట్టి రాసుకున్నదన్న పేరు నాకొద్దు."

అతను గుడ్డ దులిపి దండెం మీద వేశాడు. తుడిచిన కుర్చీ ఎత్తుకుని లోపలికి పోయాడు. ఇన్నేళ్ల కాపురంలో ఈ మౌనం స్వరూపకు కొత్త కాదు. ఈరోజు మాత్రం ఒళ్లు మండింది.

చెన్నూరు బస్సు వచ్చింది, పోయింది. సత్తవ్వ కదల్లేదు. ఎందుకు పోలేదని ఎవరూ అడగలేదు, ఆమే పిల్లికి చెప్పింది. తన మీద రాసిన కథ తాను వినకుండా పోతే కాలనీ నవ్వుతుందట. విని, నలుగురిలో కడిగేసి, సాయంత్రం బస్సుకు పోతుందట.

మధ్యాహ్నం సదానందం స్టీలు డబ్బా చంకన పెట్టుకుని వచ్చేసరికి సత్తవ్వ ఇంకా గడప మీదే ఉంది. ఆయన చెప్పులు విడవడం కూడా మరిచి, అవ్వా బాగున్నావా అని నీళ్లు నమిలాడు. బాగున్నాను, లోపలికి రా, మీ కథ కోసమే కూర్చున్నాను అంది సత్తవ్వ. వెనకే మమతారాణి, ఇంకో ఆరుగురు, అందరి వెనక ఏమీ ఎరగనట్టు ఐలవ్వ. గదిలో కుర్చీలూ చాపలూ నిండాయి. ఎప్పుడూ గోల గోలగా ఉండే కూడిక చావింటి పలకరింపులా ఉంది.

సదానందం గొంతు సవరించుకుని, ఈరోజు వాతావరణం బాగుంది కనుక ముందు వాన మీద తాను రాసిన కవిత చదువుకుందామా అన్నాడు. తన కవితకు తానే పేరు చెప్పేశానని కూడా ఆయనకు తట్టలేదు.

"కాయిదా కాయిదనే గద సదానందం, రూలు నువ్వు పెట్టిందేనాయె," అంది సత్తవ్వ. "సగం సదివింది ముందుగాల సదువాలె. మా ఇంట్ల కాయిదా తప్పద్దు."

మమతారాణి కాగితాలు అందుకుంది. పోయినసారి విననివాళ్లున్నారు కనుక మొదటి నుంచి చదవాల్సి వచ్చింది. అదే కథ, అవే మాటలు, కానీ ఒక్కరూ నవ్వడం లేదు. అందరూ పెదాలు బిగించి చాప పుల్లలు లెక్కపెడుతున్నారు. సకినాల దగ్గరికి వచ్చేసరికి ఐలవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. తల్లి ఆ డబ్బాకు ఎలుకల మందు అని చీటీ రాయించి, చదువురాని తాను ఆ చీటీని తలకిందులుగా అంటించిందని మమతారాణి చదివింది.

కిసుక్కుమని ఎవరో నవ్వారు. అందరూ అటు చూశారు. నవ్వింది సత్తవ్వే.

నవ్వు జారిపోయాక ఆమె మొహం గంటు పెట్టుకుంది, కానీ అప్పటికే గది వదులైపోయింది. ఐలవ్వ కొంగు తీసేసి హాయిగా నవ్వింది. సదానందం కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. స్వరూప మాత్రం నవ్వలేదు. మిగతా సగం ఇప్పుడు వస్తుందని ఆమెకు తెలుసు. తలుపు దగ్గర నిలబడ్డ మొగుడి వైపు చూసింది. అతను గోడ వైపు చూస్తున్నాడు.

మమతారాణి కాగితం తిప్పింది.

'డబ్బా ఎక్కడ ఉంటుందో కొడుక్కి చిన్నప్పటి నుంచీ తెలుసు. బాపు రెండో షిఫ్టుకు పోయిన సాయంత్రాలు వాడు అవ్వ ఒళ్లో తల పెట్టుకుని పడుకునేవాడు. పైన కరకరమని ఒకటే చప్పుడు. ఆకలైతుందా అవ్వా అని ఒకనాడు అడిగాడు. ఆకలి గాదు బిడ్డా, నోరు ఆడుతుంటే గుండె చప్పుడు ఇనబడది అని చెప్పింది.

'ఆ బాపు నిండుగా నౌకరీ చేసి, ఇంట్లోనే మంచాన పడి కాలం చేశాడు. ఇప్పుడు కొడుకు బాయి దిగుతున్నాడు. ఇంటికి రాగానే, నువ్వు రాంది నేను తింటనా కొడుకా అంటుంది అవ్వ. కొడుకు నమ్మినట్టే ఉంటాడు. ఆమె కొంగు మీద నువ్వులు కనిపించినా చూడనట్టే ఉంటాడు. డబ్బా అడుగంటిన రోజు, ఆమె కోమటి దుకాణానికి పోయినప్పుడు దాన్ని నింపేది వాడే. తల్లి భయాన్ని తీసేయడం వాడి వల్ల కాదు. సకినాలు తేవడం మాత్రం అవుతుంది.'

చదవడం అయిపోయింది. మమతారాణి కాగితాలు మడిచింది.

సత్తవ్వ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇన్నేళ్లూ ఆ డబ్బా ఒడవకపోవడం కొండగట్టు అంజన్న దయ అనుకుంది పిచ్చిది. ఒకసారి దానికి దండం కూడా పెట్టింది. గుండె చప్పుడు మాట ఆమె తన మొగుడు హనుమండ్లుకు కూడా చెప్పలేదు. ఒళ్లో పడుకున్న ఒక పిల్లవాడికి తప్ప ఈ లోకంలో ఎవరికీ చెప్పలేదు.

ఆమె లేచింది. సాయంత్రం బస్సుకు లేచిందని అందరూ అనుకున్నారు. చాయ్ పెట్టాలని గోడకు చెప్పి వంటింట్లోకి నడిచింది.

స్వరూప వెంట పరుగెత్తింది. సత్తవ్వ పొయ్యి వెలిగించి, గిన్నె పెట్టి, పాలు పోసింది. కొంగుతో ముఖం తుడుచుకుంది, మళ్లీ తుడుచుకుంది. తర్వాత గోడకూ పొయ్యికీ కాకుండా, వారం తర్వాత మొదటిసారి, కోడలి మొహంలోకి చూసి మాట్లాడింది.

"నీకు ఎర్కనా, వాడు రాసిండని?"

"ఎర్కే అత్తమ్మా."

"మరి నాతోని గన్ని మాటలు పడితివి. ఒక్కపారన్న నేను గాదు అనకపోతివి."

"నేను గాదంటే ఎవలని అడుగుతవు గద. మీ ఇద్దరి నడుమల నేనెందుకు చెప్పాలె అనుకున్న."

సత్తవ్వ చక్కెర వేసింది. ఎంత వేసిందో చూసుకోకుండా మళ్లీ వేసింది. నువ్వు నా కంటే మొండిదానివి అని గొణిగి, అల్లం దంచమంది. వారం రోజుల తర్వాత అత్త చెప్పిన పని అంత తీపిగా ఉంటుందని స్వరూప అనుకోలేదు. అల్లం దంచుతుంటే ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

పాకం లాంటి ఆ చాయ్‌ను కథలోళ్లు కిక్కురుమనకుండా తాగారు. గ్లాసులు ఖాళీ అయ్యాయి. ఇక తప్పదన్నట్టు సదానందం లేచి, రాసినవాళ్లు నిలబడవచ్చు అన్నాడు. గది మొత్తం స్వరూప వైపు తిరిగింది. స్వరూప కదల్లేదు. విజయేందర్ ఖాళీ గ్లాసుల ట్రే పట్టుకుని తలుపు దగ్గరే ఉన్నాడు.

మొగుడు వెనక్కి తిరిగి వంటింట్లోకి పోతాడేమోనని స్వరూపకు అనిపించింది. పోతే ఇక ఈ మనిషితో ఏ కథా ఎన్నడూ మాట్లాడకూడదనుకుంది.

అతను పోలేదు. ట్రే కింద పెట్టాడు.

"నేనే రాసిన అవ్వా," అన్నాడు. "స్వరూపకు ఏం సంబంధం లేదు. నువ్వు దాన్ని తిట్టంగ విన్న, నోరు తెరువలే. గదే నా తప్పు."

ఐలవ్వ నోరు తెరిచి అట్లాగే ఉంచేసింది. సదానందం, ఇంత బాగా రాసేవాడివి ఇన్నాళ్లూ ఏం చేశావయ్యా అనబోయి, సత్తవ్వ మొహం చూసి ఆగిపోయాడు.

"మంచిగనే రాసినవు," అంది సత్తవ్వ. గొంతు గట్టిగానే ఉంది. "కని కోడలు లేని ఇల్లు రాసినవేందిరా? నువ్వు షిఫ్టుకు పోయినంక గీ పిల్ల ఏం జేస్తదో ఎర్కనా నీకు? గోడకు ఒరిగి రాసుడు షురు జేస్తది. నువ్వొచ్చి బూట్లిప్పిన సప్పుడైతే బంజేస్తది. నీకు సెలవున్ననాడు ఒక్క అక్షరం రాయది. నేను జూడలేదనుకుంటున్నది. నేను నములుత, గీ పిల్ల రాస్తది. ఇద్దరిది ఒక్కటే బీమారి."

స్వరూప తలెత్తింది. ఇన్నాళ్లూ తీరిక దొరికినప్పుడు రాస్తున్నాననే అనుకుంది. మొగుడు ఇంట్లో ఉన్న రోజు ఎందుకు రాయబుద్ధి కాదో ఎన్నడూ ఆలోచించలేదు. చెప్పేదాకా తెలియని సంగతి, చెప్పగానే ఎప్పటి నుంచో తెలిసినట్టే ఉంది. అత్త చెయ్యి పట్టుకోవాలనిపించింది, పట్టుకుంది. సత్తవ్వ విడిపించుకోలేదు.

"కథలు బందు పెట్టుమన్న మాట నేను వాపస్ తీసుకుంటున్న," అంది సత్తవ్వ అందరికీ వినబడేట్టు. ఆ తర్వాత కొడుకు వైపు తిరిగింది. "మా ఇద్దరి సంగతి తెలిసె. ఇగ నువ్వు చెప్పు. బాయి లోపల నీకు భయమైతదా?"

ఆ ప్రశ్న అతన్ని ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ అడగలేదు. తండ్రిని కూడా ఎవరూ అడిగి ఉండరు. తలదీపం పెట్టుకుని దిగేవాడికి భయం ఉండదని పైన ఉన్నవాళ్లు నమ్ముతారు, నమ్మకపోతే వాళ్లకు రోజు గడవదు. విజయేందర్ నేల చూశాడు, తల్లిని చూశాడు, భార్యను చూశాడు.

"అయితది అవ్వా. రోజు అయితది."

గదిలో ఎవరి చూపు ఎక్కడ పెట్టాలో ఎవరికీ తెలియలేదు. అతను మాత్రం బరువు దించుకున్నవాడిలా చాప అంచున కూలబడ్డాడు. ఒకసారి నోరు తెరిచిన మనిషి, మళ్లీ మూసుకుంటే ఇక తెరవలేనని భయపడినట్టు, ఆగకుండా మిగతాదీ చెప్పేశాడు.

"గందుకే పోయిన నెల సర్ఫేస్ పని ఇయ్యుమని అడిగిన. బాయి దిగుడుండది, పైననే పని. జీతం జర తగ్గుతది. సార్లు ఇస్తమనే అన్నరు. కని ఈడ గాదట, వేరే ఊర్ల ఉన్నదట. రేపు పొద్దుగాల వస్తనో రానో చెప్పుమన్నరు."

వారం రోజులుగా ఒకరితో ఒకరు మాట్లాడుకోని అత్తాకోడళ్లు, చేతులు ఇంకా పట్టుకునే ఉన్నవాళ్లు, ఒక్క గొంతుతో అడిగారు.

"నాకెందుకు చెప్పలే?"